అదే చుట్ట.. ఒకరికే క్యాన్సర్ ఎందుకు?

* పొగ దెబ్బకు, కణాల మరమ్మతుకు మధ్య నిత్య పోరు
* మరమ్మతు శక్తి అందరిలో ఒకేలా లేదంటున్న పరిశోధనలు
* ఎవరికెంత శక్తి ఉందో తెలియనప్పుడు మానడమే రక్ష

శ్రీకాకుళం: ‘మా తాత ఎనభై ఏళ్లు దాటినా చుట్ట వదల్లేదు. ఆయనకేమైంది?’ పొగ మానమని హితవు చెప్పినప్పుడు గ్రామాల్లో తరచుగా ఎదురయ్యే ప్రశ్న ఇది. అదే ఊళ్లో నలభై ఐదేళ్లకే నోటి క్యాన్సర్‌తో మంచం పట్టినవారు ఉన్నా తాత ఉదాహరణే అందరికీ గుర్తుంటుంది. ఒకే రకం పొగాకు, ఇంచుమించు ఒకే అలవాటు. ఒకరికి వ్యాధి వస్తుంది, మరొకరికి రాదు. దీన్ని తలరాతగా సరిపెట్టుకోవడం పరిపాటి అయింది. అయితే ఈ తేడాకు కొంత కారణం మనిషి కణాల్లోనే ఉందని మూడు దశాబ్దాలకు పైగా సాగుతున్న పరిశోధనలు సూచిస్తున్నాయి. పొగాకు వల్ల కణంలోని డీఎన్ఏకు జరిగే నష్టం ఒక ఎత్తు, ఆ నష్టాన్ని కణం సరిదిద్దుకునే శక్తి మరో ఎత్తు. ఈ శక్తి అందరిలో సమానంగా లేదు. తాతకు ఉన్నంత శక్తి మనవడికి ఉంటుందన్న హామీ కూడా లేదు.

అడ్డపొగ వేసిన ప్రశ్న

ఉత్తరాంధ్ర తీరానికి ఈ ప్రశ్న కొత్తది కాదు. శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల పల్లెల్లో చుట్ట వెలిగించిన కొసను నోటి లోపల పెట్టుకుని తాగే అడ్డపొగ అలవాటు తరతరాలుగా ఉంది. ముఖ్యంగా మహిళల్లో ఇది ఎక్కువ. పనిచేసుకుంటున్నప్పుడు గాలికి, తడికి చుట్ట ఆరిపోదని, బూడిద మీద రాలదని అలవాటున్నవారు చెబుతుంటారు. తల్లిని చూసి కూతురు నేర్చుకోవడం సాధారణం. నిప్పు, పొగ రెండూ నేరుగా అంగిలిని తాకుతాయి. అందువల్ల ఇతర ప్రాంతాల్లో అరుదుగా కనిపించే గట్టి అంగిలి క్యాన్సర్ ఇక్కడ వైద్యుల దృష్టిని ఆకర్షించింది. కోస్తాంధ్రలో అంగిలి క్యాన్సర్‌కు, అడ్డపొగకు ఉన్న సంబంధాన్ని 1957లోనే వైద్య పత్రికల్లో వివరించారు.

డెన్మార్క్ శాస్త్రవేత్త జె.జె.పిండ్‌బోర్గ్, భారత పరిశోధకులు ఎఫ్.ఎస్.మెహతా, పి.సి.గుప్తా తదితరులు ఆంధ్రప్రదేశ్‌లో 10,169 మంది గ్రామీణుల నోళ్లను పరీక్షించి, ఆ ఫలితాలను 1971లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ క్యాన్సర్‌లో ప్రచురించారు. పరీక్షించిన వారిలో 43 శాతానికి పైగా అడ్డపొగ తాగేవారే. అంగిలిపై తెల్లమచ్చలు, ఎర్రబారిన చోట్లు, చిన్న చిన్న గుంటలు వంటి మార్పులు అడ్డపొగ తాగేవారిలో కనిపించే గుర్తులు. అయితే మచ్చలున్న ప్రతి ఒక్కరికీ క్యాన్సర్ రాదు. పొగ అందరినీ తాకుతున్నా వ్యాధి కొందరికే ఎందుకు ముదురుతోంది? దీనికి సమాధానం కోసం కణం లోపలికి వెళ్లాలి.

విరుగుడే విషమై..

ప్రతి కణంలోనూ డీఎన్ఏ అనే పొడవాటి జంట పోగు ఉంటుంది. శరీర నిర్మాణానికి, పనితీరుకు కావలసిన ఆదేశాలన్నీ అందులో నాలుగు రసాయన అక్షరాలతో రాసి ఉంటాయి. ఏ, టీ, జీ, సీ అని వాటికి పేర్లు. తల్లి నుంచి సుమారు 300 కోట్లు, తండ్రి నుంచి అంతే సంఖ్యలో అక్షరాలు బిడ్డకు సంక్రమిస్తాయి. కణం రెండుగా విడిపోయే ప్రతిసారీ ఈ గ్రంథమంతటికీ నకలు తయారవుతుంది.

పొగాకు పొగలో 7 వేలకు పైగా రసాయనాలున్నాయి. వాటిలో దాదాపు 70 క్యాన్సర్ కారకాలుగా గుర్తింపు పొందాయి. బెంజోపైరీన్ వాటిలో ముఖ్యమైనది. నిజానికి ఇది లోపలికి ప్రవేశించినప్పుడు డీఎన్ఏకు అంటుకునే స్థితిలో ఉండదు. దాన్ని నీటిలో కరిగేలా మార్చి బయటకు పంపాలని శరీరంలోని ఎంజైములు ప్రయత్నిస్తాయి. ఆ ప్రయత్నంలోనే అది మరింత తీవ్రమైన రసాయనంగా మారి, డీఎన్ఏలోని జీ అక్షరాన్ని పట్టుకుని వేలాడుతుంది. విరుగుడు చేయబోతే విషం ముదిరిన చందమిది. ఇలా అంటుకున్న రసాయనాన్ని ‘అతుకు’ అనుకోవచ్చు.

అతుకు ఉండగానే కణం విభజన చెందితే నకలు రాసే ఎంజైము ఆ అక్షరాన్ని తప్పుగా చదువుతుంది. జీ ఉండాల్సిన చోట టీ వచ్చి చేరుతుంది. ఒకసారి నకలులోకి ఎక్కిన తప్పు ఇక శాశ్వతం. దీన్నే ఉత్పరివర్తనం అంటారు. చాలా తప్పులు నిరపాయకరమైన చోట్ల పడతాయి. కణ విభజనను అదుపులో ఉంచే జన్యువుల మీద పడినవే ప్రమాదకరం. అటువంటి కాపలా జన్యువుల్లో పీ53 ప్రధానమైనది. అమెరికాలోని కాలిఫోర్నియాకు చెందిన గెర్డ్ ఫైఫర్ బృందం 1996లో ఒక ముఖ్యమైన విషయాన్ని నిరూపించింది. ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగుల పీ53 జన్యువులో ఏయే చోట్ల తప్పులు తరచుగా కనిపిస్తున్నాయో, బెంజోపైరీన్ అతుకులు కూడా ఆ చోట్లనే ఎక్కువగా పడుతున్నాయని తేల్చింది. పొగకు, క్యాన్సర్‌కు నడుమ అణువు స్థాయిలో దొరికిన బలమైన ఆధారాల్లో ఇది ఒకటి.

నమిలే పొగాకుకూ మినహాయింపు లేదు. ఆకును ఎండబెట్టి పక్వం చేసే దశలోనే నైట్రోసమైన్లనే రసాయనాలు ఏర్పడతాయి. నిప్పు అంటించకపోయినా ఖైనీ, గుట్కా, జర్దాల ద్వారా ఇవి నోటిలోని కణాలకు చేరి డీఎన్ఏను దెబ్బతీస్తాయి.

వల బాగుచేసినట్లే..

వేట నుంచి తిరిగొచ్చిన మత్స్యకారుడు ఒడ్డున కూర్చుని చిరిగిన వలను బాగుచేసుకుంటాడు. ఈ రోజు చిరుగు ఈ రోజే కుట్టుకుంటే వల నిలుస్తుంది. చిరుగులు కుట్టే వేగాన్ని మించితే చేపలు జారిపోతాయి. కణంలోనూ ఇటువంటి మరమ్మతు రాత్రింబవళ్లు సాగుతుంటుంది. పొగ తాగనివారిలో కూడా ప్రతి కణంలో రోజూ వేల సంఖ్యలో డీఎన్ఏ దెబ్బలు సహజంగానే తగులుతాయి. అయినా మనిషి ఆరోగ్యంగా ఉన్నాడంటే మరమ్మతు వ్యవస్థ చలవే. ఈ వ్యవస్థ పనితీరును వెలికితీసినందుకు టోమస్ లిండాల్, పాల్ మోడ్రిచ్, అజీజ్ సంజార్‌లకు 2015లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది.

దెబ్బ స్వభావాన్ని బట్టి మరమ్మతు పద్ధతి మారుతుంది. బెంజోపైరీన్ వంటి పెద్ద అతుకు పడినచోట డీఎన్ఏ పోగు వంకర తిరుగుతుంది. కొన్ని ప్రొటీన్లు ఆ వంకరను పసిగట్టి అక్కడ పోగులను విడదీస్తాయి. మరికొన్ని అతుకుకు అటూ ఇటూ కోసి దాదాపు 30 అక్షరాల ముక్కను తొలగిస్తాయి. ఎదుటి పోగును చూసి ఖాళీని పూరించడం, కొసలను అతికించడం తర్వాతి పని. నైట్రోసమైన్ల వల్ల కలిగే ఒక రకం చిన్న దెబ్బను సరిచేయడానికి వేరే ప్రొటీన్ ఉంది. అది ఒక్క దెబ్బను బాగుచేసి తాను నశిస్తుంది. దెబ్బలు ఎక్కువైతే ఆ ప్రొటీన్ నిల్వ తరిగిపోతుంది. కొత్తది తయారయ్యే వరకు మిగిలిన దెబ్బలు అలాగే ఉండిపోతాయి.

మరమ్మతు లోపిస్తే ఏమవుతుందో ఒక అరుదైన వంశపారంపర్య వ్యాధి చూపింది. జీరోడెర్మా పిగ్మెంటోజమ్ అనే ఈ వ్యాధి ఉన్న పిల్లలకు ఎండ తగిలితే చిన్న వయసులోనే చర్మ క్యాన్సర్లు వస్తాయి. ఎండ చేసిన నష్టాన్ని వారి కణాలు సరిచేసుకోలేకపోవడమే దీనికి కారణమని 1968లో అమెరికా శాస్త్రవేత్త జేమ్స్ క్లీవర్ కనుగొన్నారు. మరమ్మతు పూర్తిగా లోపిస్తే ఇంత ముప్పు ఉన్నప్పుడు, కాస్త తక్కువగా ఉన్నవారి సంగతేమిటన్న ఆలోచన ఇక్కడి నుంచే బలపడింది.

రక్తకణాలే సాక్షులు

మరమ్మతు శక్తిని కొలవడానికి అమెరికాలోని హ్యూస్టన్‌లో గల ఎం.డి.ఆండర్సన్ క్యాన్సర్ కేంద్రంలో చింగ్‌యీ వే, మార్గరెట్ స్పిట్జ్ బృందం ఒక పరీక్షను ఉపయోగించింది. ముందుగా ఒక చిన్న జన్యు వలయాన్ని పరీక్ష నాళికలో బెంజోపైరీన్ రసాయనంతో దెబ్బతీస్తారు. రక్తం నుంచి తీసిన తెల్లకణాల్లోకి దాన్ని ప్రవేశపెడతారు. కణం ఆ దెబ్బలను బాగుచేయగలిగితేనే వలయంలోని జన్యువు పనిచేసి ఒక ఎంజైమును తయారుచేస్తుంది. ఆ ఎంజైము ఎంత తయారైందో చూసి కణం మరమ్మతు శక్తిని లెక్కగడతారు.

ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగులు 316 మందిని, వ్యాధి లేనివారు 316 మందిని ఇలా పరీక్షించి 2000 సంవత్సరంలో ఫలితాలు వెల్లడించారు. రోగుల్లో మరమ్మతు శక్తి స్పష్టంగా తక్కువగా కనిపించింది. చిన్న వయసులోనే వ్యాధి సోకినవారిలో, తక్కువగా పొగ తాగినా వ్యాధి వచ్చినవారిలో, కుటుంబంలో క్యాన్సర్ చరిత్ర ఉన్నవారిలో అది మరీ తక్కువగా ఉంది. తక్కువ పొగకే వ్యాధి రావడం వెనుక బలహీనమైన మరమ్మతు ఉందన్న అనుమానానికి ఇది బలం చేకూర్చింది. తల, మెడ భాగాల క్యాన్సర్ రోగుల్లోనూ ఇదే తరహా లోపాన్ని 1998లోనే ఆ సంస్థ పరిశోధకులు గుర్తించారు. ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థ శాస్త్రవేత్తలు 2003లో వేరే రకం మరమ్మతు ఎంజైమును కొలిచారు. దాని చురుకుదనం కూడా ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగుల్లో తక్కువగానే ఉన్నట్లు తేలింది.

వయసు పెరిగేకొద్దీ మరమ్మతు మందగిస్తుందనడానికీ ఆధారాలున్నాయి. ఎండ వల్ల కలిగే డీఎన్ఏ నష్టంపై అమెరికాలో జరిపి 1993లో ప్రచురించిన అధ్యయనంలో, ఇరవై నుంచి అరవై ఏళ్ల మధ్య ఈ శక్తి ఏటా అర శాతానికి కాస్త పైగా తగ్గుతున్నట్లు కనిపించింది. యువకుడిగా ఉన్నప్పుడు తట్టుకున్న పొగను యాభై ఏళ్లు దాటాక శరీరం అదే విధంగా తట్టుకుంటుందని చెప్పలేం.

మరమ్మతు చేసేవారికీ దెబ్బే

పొగ డీఎన్ఏను దెబ్బతీసి ఊరుకోదు. దాన్ని బాగుచేసే వ్యవస్థ మీద కూడా దెబ్బ కొడుతుంది. పొగలో అక్రోలిన్ అనే ఘాటైన రసాయనం ఎక్కువ మోతాదులో ఉంటుంది. ఇది ఒకవైపు పీ53 జన్యువుకు అంటుకుంటూ, మరోవైపు మరమ్మతు ప్రొటీన్లను పనిచేయనివ్వదని న్యూయార్క్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2006లో ప్రకటించారు. వల చించినవాడే కుట్టేవాడి చేతులూ కట్టేసినట్లన్నమాట. పుట్టుకతో మంచి మరమ్మతు శక్తి ఉన్నవారు కూడా దాని మీదే భరోసా పెట్టుకోలేని పరిస్థితి ఇది.

మరమ్మతు నుంచి తప్పించుకున్న నష్టం ఎంతో 2016లో ఒక అంతర్జాతీయ బృందం లెక్కగట్టింది. లుడ్‌మిల్ అలెగ్జాండ్రోవ్ తదితరులు 5,243 క్యాన్సర్ల జన్యుపటాలను పరిశీలించారు. రోజుకు ఒక పెట్టె చొప్పున ఏడాది పాటు సిగరెట్లు తాగితే ఊపిరితిత్తుల్లోని ఒక్కో కణంలో సగటున 150 శాశ్వత తప్పులు చేరుతున్నట్లు తేలింది. స్వరపేటికలో 97, గొంతులో 39, నోటిలో 23, మూత్రాశయంలో 18, కాలేయంలో 6 చొప్పున ఉన్నాయి. పొగ నేరుగా తగలని మూత్రాశయంలోనూ తప్పులు చేరడం గమనార్హం. ఇవి సిగరెట్లకు సంబంధించిన సగటు అంకెలు. చుట్టకు, బీడీకి, అడ్డపొగకు వీటిని యథాతథంగా అన్వయించడానికి వీల్లేదు.

తాత వాదనలో తిరకాసు

మరి ఎనభై ఏళ్లు దాటిన తాత సంగతేమిటి? న్యూయార్క్‌లోని ఆల్బర్ట్ ఐన్‌స్టీన్ వైద్య కళాశాల పరిశోధకులు 2022లో ప్రచురించిన అధ్యయనం ఇందుకు కొంత జవాబిస్తోంది. ఎన్నడూ పొగ తాగని 14 మంది, తాగే అలవాటున్న 19 మంది శ్వాసనాళ కణాలను ఒక్కొక్కటిగా వారు పరీక్షించారు. పొగ తాగిన కొద్దీ తప్పులు పెరుగుతూ పోయాయి. అయితే రోజుకో పెట్టె చొప్పున 23 ఏళ్లు తాగిన దానికి సమానమైన స్థాయి దాటాక పెరుగుదల ఆగిపోయింది. అతిగా తాగుతూ కూడా క్యాన్సర్ రాకుండా ఉన్న కొందరిలో మరమ్మతు వ్యవస్థ చాలా సమర్థంగా ఉండి ఉండవచ్చని పరిశోధకులు భావించారు.

కొందరు తాతలు ఇటువంటి అదృష్టవంతులే కావచ్చు. కానీ ఊళ్లో కళ్లెదుట తిరిగేది బతికి ఉన్న తాతలే. యాభైలోనే పోయినవారు ఉదాహరణలుగా నిలబడి మాట్లాడరు. పైగా మరమ్మతు ప్రొటీన్ల జన్యువులు సగం తల్లి నుంచి, సగం తండ్రి నుంచి వస్తాయి. తాత శక్తి మనవడికి యథాతథంగా అందుతుందని లేదు. క్యాన్సర్ తప్పినా గుండెపోటు, పక్షవాతం, ఊపిరితిత్తులు దెబ్బతిని ఆయాసం వంటి ఇతర ముప్పులు పొంచే ఉంటాయి. పొగాకు దాన్ని వాడేవారిలో సగం మంది వరకు ప్రాణాలు తీస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

అయితే పరీక్ష చేయించుకుని, శక్తి ఉందని తేలితే నిశ్చింతగా తాగవచ్చు కదా అన్న ఆలోచన కొందరికి రావచ్చు. హ్యూస్టన్‌లో చేసినటువంటి పరీక్షలు పరిశోధన కోసం ఉద్దేశించినవి. అవి సమూహాల మధ్య తేడాను చూపుతాయే గానీ, ఫలానా వ్యక్తికి క్యాన్సర్ వస్తుందని గానీ రాదని గానీ చెప్పలేవు. రక్తకణాల్లో కనిపించిన శక్తే అంగిలిలోనూ, ఊపిరితిత్తుల్లోనూ ఉంటుందన్న హామీ లేదు. రోగుల్లో శక్తి తక్కువగా కనిపించడానికి వ్యాధి కూడా కొంత కారణం కావచ్చన్న సందేహాన్నీ శాస్త్రవేత్తలు పరిగణనలోకి తీసుకుంటారు. అందుకే ఆసుపత్రుల్లో ఈ పరీక్ష ఆధారంగా ఎవరికీ సలహా ఇవ్వడం లేదు.

మానితే మేలు మొదలు

దెబ్బ ఆగితే మరమ్మతుకు వ్యవధి దొరుకుతుంది. ఇంగ్లండ్ పరిశోధకులు 16 మంది శ్వాసనాళ కణాల నుంచి 632 కణ సమూహాలను పెంచి, వాటి డీఎన్ఏను చదివి 2020లో నేచర్ పత్రికలో ఫలితాలు ప్రకటించారు. పొగ మానేసినవారి శ్వాసనాళాల్లో దాదాపు ఎన్నడూ పొగ తాగనివారి కణాల మాదిరిగా ఉన్న ఆరోగ్యకరమైన కణాలు పెద్ద సంఖ్యలో కనిపించాయి. ఇంకా తాగుతున్నవారితో పోలిస్తే ఇవి నాలుగు రెట్ల వరకు ఎక్కువ. పాత తప్పులు చెరిగిపోయాయని దీని అర్థం కాదు. దెబ్బ తగలకుండా మిగిలిన కణాలు క్రమంగా వృద్ధి చెంది, దెబ్బతిన్న వాటి స్థానాన్ని భర్తీ చేస్తున్నాయని శాస్త్రవేత్తల అభిప్రాయం.

ఈ జిల్లాలోనే దీనికి పూర్వరంగం ఉంది. శ్రీకాకుళం, కేరళలోని ఎర్నాకుళం, గుజరాత్‌లోని భావ్‌నగర్ జిల్లాల్లో పొగాకు వాడే 36 వేల మందికి పైగా గ్రామీణులతో ఒక భారీ అధ్యయనం జరిగింది. ఇంటింటికీ వెళ్లి అలవాటు మానమని చెప్పడమే అక్కడ చేసిన వైద్యం. హితబోధ అందుకున్నవారిలో మానినవారు ఎక్కువగా ఉన్నారని, నోటిలో తెల్లమచ్చలు కొత్తగా రావడం తగ్గిందని 1986లో లాన్సెట్ పత్రిక ప్రచురించింది.

ఆలస్యమైనా లాభమే. బ్రిటిష్ వైద్యులను యాభై ఏళ్ల పాటు పరిశీలించి రిచర్డ్ డాల్, రిచర్డ్ పీటో తదితరులు 2004లో ఫలితాలు ప్రకటించారు. ముప్పై ఏళ్ల వయసులో సిగరెట్లు మానితే సుమారు 10 ఏళ్లు, నలభైలో మానితే 9, యాభైలో 6, అరవైలో 3 ఏళ్ల ఆయుష్షు దక్కుతుందని వారు లెక్కగట్టారు.

ఈ గుర్తులు కనిపిస్తే..

అడ్డపొగ, చుట్ట, ఖైనీ, గుట్కా అలవాటున్నవారు నెలకోసారైనా వెలుతురులో అద్దం ముందు నోరు తెరిచి చూసుకోవాలి. అంగిలిని, బుగ్గల లోపలి భాగాన్ని, నాలుక అంచులను, నాలుక కింద భాగాన్ని గమనించాలి. రెండు వారాలు దాటినా మానని పుండు, తుడిచినా పోని తెల్లమచ్చ, ఎర్రమచ్చ, గడ్డ, నోరు పూర్తిగా తెరుచుకోకపోవడం, మింగడంలో ఇబ్బంది, కారణం లేకుండా రక్తం కారడం, తగ్గని బొంగురు గొంతు ఉంటే ఆలస్యం చేయరాదు. నొప్పి లేదు కదా అని వదిలేయడమే చాలామంది చేసే పొరపాటు. నోటి క్యాన్సర్ తొలిదశలో నొప్పి ఉండకపోవచ్చు.

సమీపంలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో గానీ, దంత వైద్యుని వద్ద గానీ ముందుగా చూపించుకోవాలి. అవసరమైతే చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు. ముక్క తీస్తే క్యాన్సర్ పాకిపోతుందన్న భయానికి ఆధారం లేదు. ఉత్తరాంధ్ర రోగులకు విశాఖపట్నం అగనంపూడిలో హోమీ బాబా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. అలవాటు మానలేకపోతున్నవారు జాతీయ పొగాకు విరమణ సహాయవాణి 1800-11-2356కు ఉచితంగా ఫోన్ చేసి సలహా పొందవచ్చు.

ఇంట్లో పెద్దవారు చుట్ట తాగుతూ బాగానే ఉన్నారంటే సంతోషించాల్సిందే. వారికీ నెలకోసారి నోరు చూపించుకోవడం అలవాటు చేయాలి. వారిని చూసి పిల్లలు చుట్ట అందుకోకుండా చూడడం ఇంటిల్లిపాది బాధ్యత.